అప్‌డేట్: పేరు పిలిస్తే సోఫా కింద దూరే కుక్కపిల్ల ఇప్పుడు పరిగెత్తుకొస్తోంది

నెల క్రితం అడిగాను కదా, మూడున్నర నెలల మా కుక్కపిల్లని "చింటూ" అని పిలిస్తే తోక ముడుచుకుని సోఫా కింద దూరుతోంది, ఏం చేయాలి అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. సమస్య తీరింది.

వినికిడి లోపమేమో అని నాకు టెన్షన్. వెటర్నరీ డాక్టర్ చూసి చెవులు బాగానే ఉన్నాయన్నారు. "ఆ పేరుతో రోజంతా ఏమేం అంటుంటారు?" అని అడిగారు. ఒకరోజు గమనిస్తే తెలిసింది: "చింటూ, వద్దు!", "చింటూ, చెప్పు వదులు!", "చింటూ, స్నానం!" పాపం, దాని లెక్కలో చింటూ అంటే తిట్టు.

మీలో ఒకరు చెప్పినట్టు పేరే మార్చేశాం. పిల్లలు రెండు రోజులు అలిగారనుకోండి. ఇప్పుడు వాడు "బన్నీ". పేరు ఒక్కసారే, హుషారుగా అనడం. తల తిప్పి చూసిన క్షణంలోనే శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క నోటికివ్వడం. పూటకి పదిసార్లు, అంతే. మొదట రెండడుగుల దూరం నుంచి, తర్వాత పక్క గది నుంచి. చూడకపోతే మళ్లీ మళ్లీ పిలవకుండా కాస్త దగ్గరికి వెళ్లేవాళ్లం. మందలించాల్సి వస్తే పేరు ఎత్తకూడదని ఇంట్లో రూల్.

ఐదో రోజున వంటింట్లోంచి పిలిస్తే, నున్నటి నేల మీద జారుతూ వచ్చి నా కాళ్లకి గుద్దుకున్నాడు!

విజిల్, క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే, శిక్షణకి వాడే చిన్న పరికరం) కొన్నాను, వాటి అవసరమే పడలేదు. బయట ఇంకో కుక్క కనిపిస్తే మాత్రం ఇప్పటికీ మమ్మల్ని పట్టించుకోడు.