ఫోర్సెప్స్ కాన్పులో 3బి చీలిక: 7 నెలలైనా గ్యాస్, మోషన్ ఆగట్లేదు

కూకట్‌పల్లి వదిన:
మా ఆడపడుచుకి తొలి కాన్పులో ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటికి లాగే పటకారు లాంటి పరికరం) వేశారు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘3బి పెరీనియల్ టేర్, రిపేర్ చేశాం’ అని ఒక్క లైనే ఉంది, అంటే యోని నుంచి మలద్వారం వైపు పడిన చీలికను కుట్టారని. కుట్లు మానాయి, నొప్పి లేదు. కానీ గ్యాస్ ఆపుకోలేకపోతోంది. మోషన్ వస్తే రెండు నిమిషాలు కూడా ఆగదు, పల్చగా అయిన రోజు బట్టలకు అంటుతోంది. వచ్చే నెల నుంచి హైటెక్ సిటీలో ఆఫీసు, మెట్రోలో వెళ్లాలి. ఇంట్లోవాళ్లు ‘బాలింతలకు మామూలే, అదే సర్దుకుంటుంది’ అంటున్నారు. ఎవరిని కలవాలి? కెగెల్ (కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం) చేస్తే సరిపోతుందా? పాలిస్తోంది కూడా.

ఫిజియో_పెల్విక్:
ఏడు నెలలకు కూడా ఇలా ఉంటే ఇక ఎదురుచూడొద్దండి. 3బి అంటే మలద్వారం చుట్టూ ఉండే బయటి వలయ కండరం సగానికి పైగా తెగిందని. లోపలి కండరం కూడా తెగితే 3సి, పేగు పొర దాకా చీలితే 4. సరిగ్గా కుట్టినవాళ్లలో 60–80 శాతం మందికి ఏడాదికల్లా ఏ ఇబ్బందీ ఉండదు. మిగతావాళ్లలో కారణం ఒక్కటే కాదు. కుట్టిన చోట ఖాళీ మిగిలి ఉండొచ్చు, కండరం అతుక్కున్నా బలం రాకపోయి ఉండొచ్చు, కాన్పులో నరం సాగిపోయి ఉండొచ్చు. ఎండోఅనల్ అల్ట్రాసౌండ్‌లో కండరం ఎక్కడ తెగి ఉందో కనిపిస్తుంది, యానోరెక్టల్ మానోమెట్రీలో బిగింపు ఎంతుందో తెలుస్తుంది. పెద్దపేగు లోపల కెమెరాతో చూసే కొలనోస్కోపీ దీనికి జవాబివ్వదు.

ముందు గైనకాలజిస్టుకు చూపించి, అక్కడి నుంచి కొలోరెక్టల్ (పెద్దపేగు, మలద్వారం సర్జన్) లేదా సర్జికల్ గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి. నిమ్స్‌లో, ఉస్మానియాలో సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలున్నాయి. ఎక్కడికెళ్లినా ఈ రెండు పరీక్షలూ అక్కడే చేస్తారా అని ముందే అడగండి. కాన్పైన ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో ఆపరేషన్ నోట్స్ కాపీ తీసుకోండి. లోపలి కండరాన్ని విడిగా చూశారా లేదా అన్నది అందులోనే ఉండాలి.

ఇక కెగెల్. చాలామంది చేసేది కెగెలే కాదు, కిందికి ముక్కడం. పక్కకు తిరిగి పడుకుని, గ్యాస్ ఆపుకుంటున్నట్టు వెనక ద్వారాన్ని బిగించి లోపలికి, పైకి లాగాలి. చిన్న అద్దం పెట్టి చూస్తే ద్వారం లోపలికి ముడుచుకోవాలి. ఉబికితే తప్పు చేస్తున్నట్టే. పిరుదులు, తొడలు వదులుగా ఉండాలి. అంకెలు పైకే లెక్కపెట్టమనండి, ఊపిరి బిగబట్టకుండా ఉంటుంది. ఇప్పుడు 3 సెకన్లే పట్టగలిగితే 3తోనే మొదలుపెట్టి 10 దాకా పెంచాలి. పూటకు 8–10 సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం 3 నెలలు. చివర్లో టకటకా ఐదారు బిగింపులు. ఒక్కో బిగింపు తర్వాత పూర్తిగా వదలాలి, ఇది ఎవరూ పట్టించుకోరు. కలయికలో నొప్పి ఉన్నా, మోషన్‌కి కూర్చుంటే కండరం వదలకపోయినా ముందు సడలించడం నేర్పాలి. అది రాకముందే కెగెల్ చేస్తే నొప్పి పెరగొచ్చు.

లేబర్‌వార్డ్_సిస్టర్:
పై మాటలన్నిటికీ సరే. అయితే మోషన్ ఎలా ఉందన్నదే సగం వైద్యం. అరటిపండులా మెత్తగా, విడిపోకుండా రావాలి. పేస్టులా ఉంటే కడుక్కున్నాక కూడా లోపల కొంచెం మిగిలి, అరగంటకు బట్టలకు అంటుతుంది. పల్చగా అయ్యే రోజుల్లో ఒక చెంచా ఇసబ్‌గోల్ చిక్కటి పెరుగులో బాగా కలిపి తినాలి, పొడిగా మింగొద్దు. గట్టిగా ఉంటే అదే చెంచా పెద్ద గ్లాసు నీళ్లతో. నీళ్లు, కూరగాయలు తగ్గించే బాలింత పథ్యం ఇంకా సాగుతుంటే ఆపేయండి. ఐరన్ మాత్రలకు ఇది తోడైతే మలబద్ధకం, ముక్కడం, కుట్ల మీద ఒత్తిడి.

ఆఫీసు రోజుల్లో గంట ముందు లేవాలి. పరగడుపున వేడి టీ, వెంటనే టిఫిన్ పడితే పేగు కదులుతుంది. ఆ కదలిక ఇంట్లోనే అయిపోవాలి, మెట్రో ఎక్కాక కాదు. శనగపప్పు, రాజ్మా, క్యాబేజీ, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ ఒక్కోటీ వారం పాటు మానేసి తేడా చూడండి. అన్నీ ఒకేసారి మానేస్తే ఏది కారణమో తెలియదు. విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మాత్ర పనికొస్తుంది గానీ, పాలిస్తోంది కాబట్టి డోసు డాక్టరే చెప్పాలి. అంటిన చోట డెట్టాల్, సబ్బు వద్దు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా రాయండి.

శ్రీనగర్ కాలనీ:
ఒకటి అడిగి చూడండి: గ్యాస్ గానీ మోషన్ గానీ ముందు ద్వారం నుంచి వస్తోందా? దుర్వాసనతో వైట్ డిశ్చార్జ్ మళ్లీ మళ్లీ వస్తోందా? అలా ఉంటే ఫిస్టులా, అంటే పేగుకీ యోనికీ మధ్య దారి పడిందని అనుమానించాలి. వ్యాయామంతో అది మూసుకోదు, త్వరగా సర్జన్‌కు చూపించాలి.

కూకట్‌పల్లి వదిన:
అడిగాను, అలాంటిదేమీ లేదట. పరీక్షల్లో ఖాళీ కనిపిస్తే వెంటనే ఆపరేషనేనా? రెండో కాన్పు సంగతి?

ఫిజియో_పెల్విక్:
వెంటనే కాదు. ముందు మోషన్ సరిచేసుకుని, బయోఫీడ్‌బ్యాక్‌తో (కండరం ఎంత బిగుస్తోందో తెరమీద చూపిస్తూ) వ్యాయామం చేయిస్తారు. అప్పటికీ తగ్గకపోతే కండరాన్ని మళ్లీ కుట్టే స్ఫింక్టెరోప్లాస్టీ. దాని ఫలితం ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో తగ్గుతుంది, ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఎప్పుడు చేయించుకోవాలో కూడా సర్జన్‌తో మాట్లాడాలి. రెండో కాన్పుకి ఇబ్బందులు అలాగే ఉన్నా, స్కాన్‌లో కండరం తెగి కనిపించినా ముందే అనుకుని సిజేరియన్ చేయించుకునే అవకాశం గురించి డాక్టరు చెప్పాలి. స్కాన్, మానోమెట్రీ రిపోర్టులు, ఆపరేషన్ నోట్స్ ఒకే ఫైల్లో పెట్టి, గర్భం నిలిచాక మొదటి చెకప్‌కే పట్టుకెళ్లండి.