కాన్పు దారిలోనే అయి బిడ్డ ఏడవకపోతే... సిబ్బందికి ఎలా నేర్పించాలి?

అందరికీ నమస్కారం. నేను అంబులెన్స్ సిబ్బందికి ట్రైనింగ్ ఇస్తుంటాను. ఒక చోట ఇరుక్కుపోయాను, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వీళ్లకు పెద్దవాళ్ల సీపీఆర్ బాగా అలవాటు. అందుకే బిడ్డ బొమ్మ ముందు పెట్టగానే గుండె మీద నొక్కడం మొదలుపెడతారు. అప్పుడే పుట్టిన బిడ్డకు ముందు కావాల్సింది ఊపిరి కదా. ఒళ్లు తుడిచి, వెచ్చగా ఉంచి, వీపు రుద్దినా ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషంలోపే బ్యాగ్ మాస్క్‌తో (ముక్కూ నోరూ మూసేలా మాస్క్ పెట్టి, చేత్తో పిసికి గాలి పంపే సంచి) నిమిషానికి 40 నుంచి 60 సార్లు గాలి ఇవ్వాలి. ఛాతీ పైకి లేచేలా 30 సెకన్లు ఇచ్చాక కూడా గుండె వేగం నిమిషానికి 60 లోపే ఉంటేనే నొక్కడం, అదీ 3 నొక్కులకు 1 శ్వాస. నోటితో అడిగితే ఇదంతా గడగడా అప్పజెప్పేస్తారు!

అసలు తంటా మాస్క్ దగ్గరే. గడ్డం పక్కనుంచి గాలి బుస్సున పోతుంటుంది, ఛాతీ కదలదు. అది గమనించకుండా బ్యాగ్‌ని ఇంకా గట్టిగా పిసుకుతారు. తల సరిచేసి, మాస్క్ తీసి మళ్లీ పెట్టాలన్న ఆలోచనే రాదు. ఇలాంటి కేసులు ఎప్పుడో గానీ తగలవు, కాబట్టి నేర్చుకున్నది కూడా రెండు నెలలకే మర్చిపోతున్నారు.

డ్యూటీ మారేటప్పుడు పది నిమిషాల ప్రాక్టీస్ పెడితే సరిపోతుందా? ఎన్నాళ్లకోసారి పెట్టాలి? బండిలో ఇద్దరే ఉన్నప్పుడు బిడ్డను ఎవరు, తల్లిని ఎవరు చూసుకోవాలో మీరెలా నేర్పిస్తున్నారు?