నాన్న పాత ఫ్లాపీల్లోంచి ఫైళ్లు బయటికి తీయడం ఎలా?

అందరికీ నమస్కారం. మా నాన్న తెనాలిలో డీటీపీ సెంటర్ నడిపేవారు. మొన్న అటక సర్దుతుంటే బిస్కెట్ల డబ్బా నిండా 3.5 అంగుళాల ఫ్లాపీలు దొరికాయి, మొత్తం 23. ఒక్కోటి 1.44 ఎంబీ, అంటే ఇప్పటి ఫోన్ ఫోటో ఒక్కటి కూడా పట్టదు, కానీ అందులోనే ఊరందరి పెళ్లిపత్రికలూ ఉండేవి! ఆ డ్రైవ్ చేసే గరగర చప్పుడు వింటూనే నేను హోంవర్క్ చేసుకునేదాన్ని.

ఒకదాని మీద నాన్న చేతిరాతతో "అమ్మ పాటలు" అని ఉంది. మా నానమ్మ పాడిన పెళ్లిపాటలు ఆయన టైప్ చేసి పెట్టుకున్నారు. ఇద్దరూ ఇప్పుడు లేరు, నాకు కావలసింది అదొక్కటే.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొన్నాను. ముందు వేరేవి పెట్టి చూస్తే నాలుగు తెరుచుకున్నాయి, మిగతావి ఫార్మాట్ చేయమంటున్నాయి (చేయలేదు లెండి). పాటల ఫ్లాపీ రేకు జరిపి చూస్తే లోపల తెల్లగా బూజు మచ్చలు. టెన్షన్‌తో దాన్ని డ్రైవ్‌లో పెట్టనే లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చా? గ్రీజ్‌వీజిల్ బోర్డుకి (ఫ్లాపీలోని డేటాను ఉన్నదున్నట్టు కాపీ తీసే చిన్న సర్క్యూట్ బోర్డు) పాత కంప్యూటర్‌లోని 34 పిన్నుల డ్రైవ్ కావాలట, హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతుందా?

ఇంకొకటి, తెరుచుకున్నవి పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లు, అప్పటి "అను" అనే తెలుగు ఫాంట్లు లేక అక్షరాలన్నీ పిచ్చి గీతల్లా కనిపిస్తున్నాయి. యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే తెలుగులోకి, మార్చినవాళ్లెవరైనా ఉంటే ఎలా చేశారో కాస్త చెప్పండి.