ట్రెబులా, ట్రిపులా?

పదపిపాసి: షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌ నాలుగో అంకం మొదటి రంగం, రాజుల వరుస కనబడే చోటు. ‘టూఫోల్డ్ బాల్స్’ (రెండింతల రాజగోళాలు) తర్వాత ‘ట్రిపుల్ సెప్టర్స్’ (మూడింతల రాజదండాలు) అనా, ‘ట్రెబుల్’ అనా? అర్థం ఒకటేగా అని సరిపెట్టుకోలేకపోతున్నాను.

పాతపుస్తకం: ట్రెబులే. లాటిన్ ట్రిప్లుస్ పాత ఫ్రెంచి నోట్లో పడి ‘ప’ కాస్తా ‘బ’ అయింది. డుప్లుస్ కూడా అలాగే డబుల్ అయింది. ‘ప’ చెక్కుచెదరని రూపం సంగీతంలో ఉంది: డ్యూపుల్ టైమ్, అంటే రెండు దెబ్బల తాళం. మన తద్భవం, తత్సమం జోడీల్లాంటివే.

లెక్కలమాస్టారు: అసలు గొడవ ‘ట’తోనండీ. క్వింటుపుల్ (ఐదింతలు), ఆక్టుపుల్ (ఎనిమిదింతలు) చివర వినబడే ‘టుపుల్’ను తుంచుకుని గణితంవాళ్లు ఎన్‌-టపుల్ (ఎన్ అంశాల వరుస) చేశారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో టపుల్ అదే. విరుపు తప్పు! క్వింటు+ప్ల్, ఆక్టు+ప్ల్. ‘ట’ అంకె సొత్తు. క్వాడ్రుపుల్ (నాలుగింతలు)లో అది లేకపోవడమే సాక్ష్యం.

మడతపేజీ: ఆ ‘ప్ల్’ మడత, ఇంగ్లీషు ‘ఫోల్డ్’ మడత, మన ఇమ్మడి, ముమ్మడిలో ‘మడి’ కూడా మడతే. సంస్కృత ద్విగుణంలో గుణం మాత్రం దారప్పేట. బట్టనీ దారాన్నీ చూసే మనుషులు హెచ్చవేత నేర్చారని నా వాదం.

లెక్కలమాస్టారు: వాదం బాగుంది గానీ, కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి చూడండి, ఎనిమిది పొరలొస్తాయి. త్రీఫోల్డ్ మూడింతలే. లెక్కించేది పొరల్ని, మడిచిన సార్లని కాదు. అనువాదకులు బోల్తాపడేది ఇంకోచోట: 10 త్రీఫోల్డ్ అయితే 30, అంటే పెరిగింది 200 శాతం. 300 శాతం పెరిగితే 40. ‘మూడు రెట్లు పెరిగింది’ అంటే పేచీ, ‘మూడు రెట్లయింది’ అంటే లేదు.

పదపిపాసి: మరి టూఫోల్డ్ పక్కన త్రీఫోల్డ్ అనొచ్చుగా? ఛందస్సు కోసమా?

పాతపుస్తకం: కాదు. త్రీఫోల్డ్, ట్రెబుల్ రెండూ రెండక్షరాలే, ఊనికా మొదటిదాని మీదే.

మడతపేజీ: ఏ రెట్లూ చెప్పకుండా పెంచడం పోతనకే చెల్లింది. ‘ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దానింతై’...

పాతపుస్తకం: ‘దానింతై’ని ‘దానికి ఇంత’ అని విడదీసేరు, జాగ్రత్త! తాను+ఇంతై. ద్రుతం మీద తకారం దకారమైంది, అంతే.

లెక్కలమాస్టారు: అంటే వామనుడిది హెచ్చవేత కాదు, కూడికేనంటారా?

మడతపేజీ: ‘ఇంతింత’లో ద్విరుక్తి ఉందిగా మాస్టారూ. అది ఇమ్మడి కాదా?