వంటింటికి ఎంత వెడల్పు రేంజ్ కుక్కర్ కొనాలి?

రెడింగ్ నుంచి:

అక్కయ్యలకూ అన్నయ్యలకూ నమస్కారం. మేము కూకట్‌పల్లి నుంచి ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చినవాళ్లం. ఇప్పటిదాకా అద్దె ఇంట్లో 60 సెంటీమీటర్ల వెడల్పున్న, పైన పొయ్యీ కింద ఓవెనూ కలిసిన మామూలు కుక్కర్‌తో సర్దుకున్నాం. ఇప్పుడు సొంత ఇల్లు తీసుకున్నాం. వంటిల్లు పాతబడింది, అంతా కొత్తగా వేయించుకోవాలి. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. వేసవిలో అత్తయ్య, మామయ్య వచ్చి ఉంటారు. దుకాణంలో 90, 100, 110 సెంటీమీటర్ల వెడల్పుతో రేంజ్ కుక్కర్లు, అంటే అలాంటివే పెద్దవి, చూపించారు. మావారికి 110 మీదే మనసు. ఇల్లు ఒకసారే కట్టుకుంటాం, పెద్దదే కొందాం అంటున్నారు. పొద్దున దోసెలు, మధ్యాహ్నం పప్పు, కూర, ఆదివారం బిర్యానీ. మా వంట ఇంతే. ఏది తీసుకోమంటారు?

హైదరాబాద్, కొండాపూర్ నుంచి:

చెల్లెమ్మా, 90 తీసుకో. ఎందుకో చెబుతాను.

నేను ఇంగ్లండ్‌లో చాలాకాలం వండి, ఇప్పుడు కొండాపూర్‌లో ఉంటున్నాను. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పొయ్యి గ్రానైట్ గట్టు మీద ఉంటుంది, దాని కింద పెద్ద పెద్ద సొరుగులు. గిన్నెలు, మూకుళ్లు, మూతలు అన్నీ అందులోకే పోతాయి. అందుకే హైదరాబాద్ నుంచి వెళ్లిన మనం పొయ్యి వెడల్పు ఒక్కటే చూస్తాం. రేంజ్ కుక్కర్ అలా కాదు. అది నేల నుంచి గట్టు ఎత్తు దాకా ఒకే పెట్టె, లోపలంతా ఓవెన్లు. 110 కొన్నావంటే 110 సెంటీమీటర్ల మేర కింది అలమారా మొత్తం పోయినట్టే. ఆ గిన్నెలన్నీ ఎక్కడ పెడతావో ముందు ఆలోచించు. 90 తీసుకుంటే మిగిలే 20 సెంటీమీటర్లలో నూనె సీసాలు నిలబెట్టే సన్నని సొరుగు పట్టేస్తుంది. గట్టు కూడా ఆ మేరకు పెరుగుతుంది.

గట్టు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మన వంటకు పొయ్యి పక్కన చోటు చాలా కావాలి. పోపు పెట్టేటప్పుడు ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ చేతికందేంత దగ్గర ఉండాలి. దించిన ప్రెషర్ కుక్కర్ పెట్టుకోవడానికి ఇటు, తరిగిన కూరగాయల పళ్లేనికి అటు చోటు ఉండాలి. రెండు పక్కలా కనీసం ఒక్కో పెద్ద పళ్లెం పట్టనంత ఇరుకైతే ఆరు బర్నర్లున్నా వంట సాగదు, వేడి గిన్నె పట్టుకుని దిక్కులు చూడాలి. ఆ మిగిలే చోటు చూశాకే కుక్కర్ వెడల్పు తేల్చుకో.

బర్నర్ల లెక్క చూసి మోసపోవద్దు. 90లో సాధారణంగా ఐదు ఉంటాయి. ఐదూ ఒకేసారి పనికొస్తాయా అన్నది అవి ఎక్కడున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. కొన్ని మోడళ్లలో అన్నిటికన్నా పెద్ద బర్నర్ నడిమధ్య ఉంటుంది. దాని మీద 30 సెంటీమీటర్ల దోసె పెనం పెట్టావంటే అటూ ఇటూ ఉన్న నాలుగింటి మీదికీ అంచులు వెళతాయి. అప్పుడు చట్నీ పోపు గరిట పెట్టడానికి కూడా చోటు కరువవుతుంది. అదే పెద్ద బర్నర్ ఎడమ చివర ఉన్న మోడల్ అయితే పెనం పక్కకు పోతుంది, మిగతా నాలుగూ ఖాళీగా దొరుకుతాయి. 90లో ఇలాంటివీ ఉన్నాయి, వెతుకు. మధ్యలో బర్నర్ ఉన్న 110 కన్నా చివర బర్నర్ ఉన్న 90 మన వంటకు మేలు.

ఇంట్లోనే ఒక పని చెయ్యి. పాత వార్తాపత్రికలు అతికించి 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ముక్క కత్తిరించి నేల మీద పరువు. దుకాణంలో ఆ మోడల్ బర్నర్ల మధ్య దూరాలు టేపుతో కొలిచి తెచ్చి, కాగితం మీద సున్నాలు చుట్టు. వాటి మీద ఆదివారం వాడే గిన్నెలన్నీ పెట్టు: ప్రెషర్ కుక్కర్, పెనం, మూకుడు, పాల గిన్నె. ప్రెషర్ కుక్కర్ పిడి ఎటు తిరుగుతుందో కూడా చూడు. అది పక్క బర్నర్ మంట మీదికి వస్తే పిడి కాలిపోతుంది. ఇలా పేర్చాక నాలుగు గిన్నెలు హాయిగా కూర్చుంటే మీ ఇంటికి అంతకన్నా అక్కర్లేదు. అత్తయ్యగారు వచ్చినప్పుడు గిన్నె పెద్దదవుతుంది కానీ గిన్నెల సంఖ్య పెద్దగా మారదు.

ఇక ఓవెన్. 90లో రెండు రకాలు. ఒకటి వెడల్పంతా ఒకే పెద్ద గది, రెండోది పక్కపక్కన రెండు గదులు. నేనైతే రెండు గదులదే అంటాను. పిల్లలకు చిన్న కేకు చేయడానికి పెద్ద గదంతా వేడెక్కించడం కరెంటు దండగ. అయితే నీ బిర్యానీ గిన్నె ఎంత వెడల్పుందో కొలిచి, మూతతో సహా ఎత్తు కూడా రాసుకుని వెళ్లు. రెండు గదుల కుక్కర్లలో కొన్నిటికి ఒక గది పొడుగ్గా, సన్నగా ఉంటుంది. అందులో వెడల్పు హండీ పట్టదు. లోపల కొలిచేటప్పుడు అరలు నిలిపే పక్క కడ్డీల మధ్య దూరమే కొలవాలి. పడితే మాత్రం దమ్‌కు ఓవెన్ అంత మంచిది లేదు. మూత అంచుకు గోధుమపిండి చుట్టి, పైన పొయ్యి మీద ఆవిరి పుట్టేదాకా ఉంచి, తర్వాత 160 డిగ్రీల ఓవెన్‌లోకి దించితే అన్ని వైపులా సమంగా వేడి తగులుతుంది, అడుగంటదు. గిన్నె పిడులు లోహంవే అయి ఉండాలి.

చలికాలంలో ఇడ్లీ పిండి పులవదని బెంగ పడతావు. ఓవెన్ వేయకుండా లోపలి దీపం ఒక్కటే వెలిగించి పిండి గిన్నె పెడితే తెల్లారేసరికి పొంగుతుంది. దీపం విడిగా వెలిగే సదుపాయం ఉందో లేదో దుకాణంలోనే మీట తిప్పి చూడు. తలుపు మీద ‘పిండి ఉంది’ అని చీటీ అంటించడం మరవకు. లేకపోతే ఇంకెవరైనా చూసుకోకుండా ఓవెన్ వేసేస్తారు.

ఎవరైనా ఆగా కుక్కర్ గొప్పగా ఉంటుందని చెప్పవచ్చు. స్వీడన్‌కు చెందిన నోబెల్ గ్రహీత గుస్తాఫ్ దాలెన్ 1922లో తయారుచేసిన పొయ్యి అది. అద్భుతమైన వస్తువే. కానీ సంప్రదాయ ఆగాలో ఇనుప దిమ్మ ఎప్పుడూ వేడిగా ఉంటుంది, మంట పెంచడం, తగ్గించడం ఉండదు. పోపు మాడే క్షణంలో మంట తగ్గించాలనుకునే మనకు అది కుదరదు.

రెడింగ్ నుంచి:

చాలా సంతోషం అక్కయ్యా. కాగితం పరిచి చూశాను, మీరు చెప్పిన పెనం ఇబ్బంది కళ్లకు కట్టింది. ఇంకొక్క మాట. గ్యాస్ మంచిదా, ఇండక్షనా? అమ్మ హైదరాబాద్ నుంచి వస్తూ బేగంబజార్‌లో గిన్నెలు కొని తెస్తానంటోంది.

లెస్టర్ నుంచి:

అమ్మా, నేను ఇక్కడ వంటిళ్లు బిగించే పనిలో ఉన్నాను, అందుకని చెబుతున్నాను. ఇండక్షన్ అయితే మీ అమ్మగారికి ఒక అయస్కాంతం తీసుకెళ్లమనండి. గిన్నె అడుగుకు అతుక్కుంటేనే కొనాలి. ఉత్త అల్యూమినియం, రాగి, ఇత్తడి గిన్నెలు వేడెక్కవు. గుండ్రటి అడుగున్న మూకుడు కూడా పనిచేయదు. ఇనుప పెనం అడుగు చదునుగా ఉంటే చక్కగా పనిచేస్తుంది కానీ పొయ్యి పైనుండే గాజు పలక మీద జరపకూడదు, ఎత్తి పెట్టాలి.

గ్యాస్ అయితే, గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మనిషే బిగించాలి, ఇక్కడి చట్టం అది. కార్డు చూపించమని అడగడంలో మొహమాటం వద్దు. హైదరాబాద్ నుంచి పొయ్యి తెచ్చుకోవాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. అక్కడి సిలిండర్ పొయ్యి జెట్లు (గ్యాస్ బయటికొచ్చే సన్నని రంధ్రాలు) ఎల్‌పీజీకి సరిపడేవి, ఇక్కడ గొట్టంలో వచ్చేది సహజ వాయువు.

కరెంటు సంగతి కుక్కర్ కొనక ముందే చూపించుకోండి. మామూలు 13 ఆంపియర్ల ప్లగ్గు మూడు కిలోవాట్లే మోస్తుంది. రేంజ్‌కు ఫ్యూజు పెట్టె నుంచి విడిగా లైను రావాలి. పైన గ్యాస్, కింద కరెంటు ఓవెన్లు ఉన్నవాటికి తరచుగా 32 ఆంపియర్లు సరిపోతాయి. పెద్ద ఇండక్షన్‌కు అంతకన్నా లావు తీగ కావాల్సి రావచ్చు. పాత ఇంట్లో అది వేయించాలంటే గోడ తవ్వాలి, ఖర్చు కూడా పెరుగుతుంది.

చిమ్నీ కుక్కర్ వెడల్పుకు తగ్గకూడదు, పొగ గొట్టంలో బయటికి పోవాలి. బొగ్గు వడపోతతో గాలిని ఇంట్లోకే తిప్పే రకం మన పోపు ఘాటుకు చాలదు. చిమ్నీకీ పొయ్యికీ మధ్య గ్యాస్‌కైతే సుమారు 75, ఇండక్షన్‌కైతే 65 సెంటీమీటర్లు వదులుతాం. ఆ మోడల్ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. పక్క గోడకు ఎంత ఎడం ఉండాలో కూడా అందులోనే ఉంటుంది. మూలకు ఆనించి పెట్టాలనుకుంటే అది ముందే చదవండి.

హైదరాబాద్, కొండాపూర్ నుంచి:

అన్నయ్యగారు చెప్పిన కరెంటు మాట ముందు తేల్చుకో చెల్లెమ్మా. లైను సరిపోతే ఇండక్షన్, లేదంటే గ్యాస్. చిన్నపిల్లలున్న ఇల్లు కాబట్టి నా మొగ్గు ఇండక్షన్ వైపే.

ఇంకొకటి, డబ్బు కట్టేముందు వీధి తలుపు నుంచి వంటింటి దాకా దారి కొలువు. కుక్కర్ లోతు సుమారు 60 సెంటీమీటర్లు కాబట్టి పక్కవాటుగా తిప్పితే 76 సెంటీమీటర్ల తలుపులోంచి పోతుంది. కానీ ముందు వైపు పిడి బయటికి పొడుచుకొస్తుంది, అట్టపెట్టె ఇంకా లావు. ఇరుకు నడవాలో మలుపు ఉంటే అక్కడే చిక్కు. రెడింగ్‌లో పాత వరుస ఇళ్లకు మెట్ల పక్కన అలాంటి మలుపే ఉంటుంది. మీ ఇంటి మలుపు కొలత, గట్టు పొడవు ఇక్కడ రాయి, చూసి చెబుతాను.