టీమ్ లీడ్‌ని ‘మేస్త్రి’ అంటే తప్పేంటి?

టీమ్ లీడ్‌కి తెలుగు మాట ఏమిటన్న నిన్నటి చర్చలో చాలామంది ‘బృంద నాయకుడు’ అన్నారు. తప్పని అనను, నడిపించేవాడే నాయకుడు. కానీ ఆ మాట వినగానే నాకు మైకు, దండలు, ఫ్లెక్సీలే గుర్తొస్తాయి, పక్కన కూర్చుని పని చూపించే మనిషి కనబడడు. వాడుకలో మేస్త్రి అనే మాట ఉండగా కొత్తది పుట్టించడం ఎందుకు?

మేస్త్రి పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చింది, బొత్తాం, అల్మారా, పీపా వచ్చిన దారిలోనే. దాని వెనక లాటిన్ ‘మగిస్తెర్’ ఉంది, ఆ మాటకు నేర్పేవాడు అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషు మాస్టర్‌కీ మూలం అదే. అంటే బళ్లో మాస్టారూ గోడ దగ్గర మేస్త్రీ చుట్టాలే!

మా నాన్న తాపీ పని చేసేవారు. ఆయన చెప్పే మంచి మేస్త్రి అందరికంటే ముందొచ్చి దారం కట్టి మొదటి వరస తనే పేరుస్తాడు, కొత్త కుర్రాడు కట్టిన గోడ తూకం తప్పితే పీకించి దగ్గరుండి మళ్లీ కట్టిస్తాడు, ఇంటాయన అడిగితే మాత్రం ‘నేను చూసుకోవాల్సిందండీ’ అంటాడు, శనివారం బట్వాడా ఆలస్యమైతే అప్పు తెచ్చయినా కూలీల చేతిలో డబ్బులు పెడతాడు. నా మొదటి ఉద్యోగంలో లీడ్‌గా ఉన్నావిడ అచ్చం ఇంతే. క్లయింట్ కాల్‌లో నా పొరపాటు బయటపడితే తన మీద వేసుకుని, కాల్ అయ్యాక నా పక్కన కూర్చుని ఎక్కడ తప్పానో ఓపిగ్గా చూపించారు. ఆవిడని మేస్త్రి అనడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

ఆ చర్చలోనే ఒక తమ్ముడు అడిగాడు, మేస్త్రి అనే మాటకి చెడ్డపేరు లేదా అని. ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన కోస్తా నుంచి రంగూన్‌కి కూలీలను తీసుకెళ్లింది మేస్త్రీలే, ముందు అడ్వాన్సు ఇచ్చి తర్వాత కూలి డబ్బుల్లోంచి కోసుకునేవారు. పాలమూరు వలసల్లో గుంపు మేస్త్రి కూడా అడ్వాన్సులిచ్చి మనుషుల్ని కూడగట్టేవాడే. అక్కడ పని నేర్పడం కంటే మనుషుల్ని తోలుకెళ్లడమే ముఖ్యమైపోయింది. ఆ బాధ పడ్డ ఇళ్లలో ఈ మాట చేదుగా ఉంటే కాదనలేను.

పాలమూరు వైపువాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ ఊళ్లో దగ్గరుండి పని నేర్పే పెద్దని కూడా మేస్త్రి అనే అంటారా, వేరే మాట ఉందా? ఉంటే నేను దానికే ఓటేస్తాను.