గడ్డం గీశాక ఏది మంచిది? పటికా, లోషనా, బామా?

భీమవరం బోరునీళ్లు: మా వైపు బోరు ఉప్పు. గడ్డం గీశాక మొహం బిగిసి, మెడ మీద ఎర్రగా పొక్కులు. మంట ఉండకూడదు, జిడ్డూ ఉండకూడదు. ఏం రాయాలండి?

గట్టుమీదోడు: పటికండి. రాయి తడిపి గీసిన చోటల్లా తిప్పి, నిమిషం ఆగి చన్నీళ్లతో కడిగేయండి. గాటు పడితే అక్కడ కాసేపు నొక్కి పట్టుకోండి, రక్తం కడుతుంది. గోదారి ఎర్రనీళ్లొస్తే బిందెలో తిప్పేదీ ఇదే. ఆయ్.

కోనసీమ కొబ్బరి: రక్తం ఆపుతుంది, కాదన్లేదు. తేమ ఎక్కడిదండీ? పటిక చేసేది చర్మం మీది మాంసకృత్తుల్ని బిగించడమే. కడక్కుండా వదిలేస్తే పొట్టు రేగుతుంది. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, కాస్త తడుండగానే బఠానీ గింజంత ఆఫ్టర్‌షేవ్ బామ్ రాయండి. తేమ నిలిపే గ్లిజరిన్, పాంథెనాల్, చర్మాన్ని శాంతపరిచే అల్లాంటోయిన్ ఉన్నది చూసుకోండి. పదార్థాల పట్టీలో మొదట్లోనే ‘ఆల్కహాల్ డీనాట్’ (అంటే స్పిరిట్) అని ఉంటే పక్కన పెట్టేయండి. సీటైల్ ఆల్కహాల్ వేరు, అది మెత్తబరుస్తుంది. ఆ పేరు చూసి హడలిపోకండి.

రాజమండ్రి రేవు: లోషనే మేలు. మండితేనే పనిచేసినట్టు.

కోనసీమ కొబ్బరి: మండేది గీరుకున్న చోట స్పిరిట్ తగిలి. అది ఆరుతూ ఉన్న తేమా పట్టుకుపోతుంది. చల్లగా అనిపించేది మెంథాల్ మాయ, చర్మం వేడేమీ తగ్గదు.

ముక్కుసూటి: కొబ్బరినూనె చాలదా?

కోనసీమ కొబ్బరి: మన ఉక్కలోనా? రంధ్రాలు పూడతాయి. పొక్కులున్నవాళ్లకి అసలొద్దు.

గట్టుమీదోడు: పేరు కొబ్బరి, నూనె మాత్రం వద్దు! తాతల నాటి నుంచి సెలూన్లో పటికే కదండీ, ఎవరికేమైంది?

కోనసీమ కొబ్బరి: బ్లేడు మారుస్తారు, రాయి మారుస్తారా? ఒకే రాయి, పది మొహాలు, పది గాట్లు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. పటిక దాన్ని చంపేస్తుందని ఏ ధైర్యంతో కూర్చుంటారు?

గట్టుమీదోడు: ఇదన్నమాట సంగతి! ఇందాకట్నుంచీ తేమ తేమ అన్నారు, మీ గొడవంతా సెలూన్ వాళ్ల మీద. రోజుకి పదిమందికి గీసేవాడు పది రాళ్లు ఎక్కడ తెస్తాడండి?

కోనసీమ కొబ్బరి: వాళ్ల మీద కాదండి బాబూ, ఆ రాయి మీద. పది రాళ్లెందుకు? పటిక పొడి చిటికెడు తడి దూది మీద వేసి అద్ది, దూది పారేస్తే సరి. వాడిన దూది మళ్లీ పొడి డబ్బాలో ముంచకూడదు. లేదా నీళ్లలో కరిగించి స్ప్రే సీసాలో పోసుకోమనండి. ఇంట్లో అయినా ఒక రాయి ఒక్కరికే.

గట్టుమీదోడు: పొడైతే సరే. బామ్ మాత్రం కొనను.

భీమవరం బోరునీళ్లు: ఇంతకీ నా పొక్కులో?

ముక్కుసూటి: వాళ్లని కొట్టుకోనివ్వండి. మెడ మీద వేలు పెట్టి రాసి, వెంట్రుక ఎటు వాలిందో చూసి అటే గీయండి. ఎదురు గీస్తే తెగిన మొన తిరిగి చర్మంలోకి గుచ్చుకుంటుంది, ముఖ్యంగా ఉంగరాల వెంట్రుకైతే. పొక్కు అదే. దానికి బామూ పటికా ఏం చేస్తాయి? అవి మానేదాకా మెడ జోలికెళ్లకండి. ఇక బిగుతంటారా, ఉప్పునీళ్లలో సబ్బు సరిగ్గా వదలదు. చివర్న ఒక్క చెంబు మంచినీళ్లతో కడగండి.